మందు మీద మందు

తెలుగువారి పదసంపద పట్ల నాకు అపారమైన గౌరవం ఉన్నది. అయినా ఒక్క మాట దగ్గర మాత్రం మన పూర్వులు మరీ పొదుపు పాటించారని అనిపిస్తుంది. ఆ మాట 'మందు'. జ్వరానికి మింగేది మందు. సాయంత్రం సోడాలో కలుపుకునేదీ మందే. తుపాకిలో దట్టించేది, దీపావళినాడు చిచ్చుబుడ్డిలో కూరేది, అదీ మందే. కొత్తకోడలు తన కొడుకును కొంగున కట్టేసుకున్నదని అత్తగారికి అనుమానం కలిగితే 'ఏదో మందు పెట్టింది' అంటుంది చూడండి, అది నాలుగవది. ఈ నాలుగూ ఒకే మనిషి దగ్గర, ఒకే సాయంత్రం ఎదురుపడతాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ సంగతి కొంచెం ఆగి చెబుతాను.

ఈ టపా అంగస్తంభన లోపానికి వాడే మాత్రల గురించి, వాటిని మద్యంతో కలిపి తీసుకోవడం గురించి. శీర్షిక చూసి మరేదో ఆశించి వచ్చినవారు ఇక్కడితో సెలవు తీసుకోవచ్చు, నేనేమీ అనుకోను. మన ప్రబంధకవులు శృంగారాన్ని ఆశ్వాసాల కొద్దీ వర్ణించారు గాని, నాయకుడికి మధుమేహం వచ్చిన తరువాతి కథ ఏ ఒక్కరూ చెప్పలేదు. ఆ భాగం మనమే రాసుకోవాలి.

నేను వైద్యుణ్ణి కాను. రసాయనశాస్త్రం చదువుకొని, జీడిమెట్ల పారిశ్రామికవాడలో ఒక ఔషధ కర్మాగారంలో నాణ్యతా పరీక్షల విభాగంలో ఇరవైయేళ్ళు దాటి పనిచేసినవాణ్ణి. సిల్డెనాఫిల్ సిట్రేటు తెల్లని పొడి. పాతిక కిలోల డ్రమ్ములలో మా ముందుకు వచ్చేది. చెంచాలో కొసరంత తీసి, కరిగించి, యంత్రంలోకి ఎక్కించి, తెర మీద వచ్చే గీతలను కొలవడం మా ఉద్యోగం (ఆ గీతల కొనలను మా వాడుకలో పీకులంటారు, నవ్వకండి). ఔషధానికి ఉత్పత్తి పేటెంటు మన దేశంలో 2005 దాకా లేదు. అందువల్ల అమెరికాలో 1998 మార్చిలో వయాగ్రాకు అనుమతి లభించిన మూడు నాలుగేళ్ళలోనే ఇక్కడి కంపెనీల మాత్రలు అంగళ్ళలోకి వచ్చేశాయి. డ్రమ్ము మీద చీటీ చూసి కుర్ర కెమిస్టులు వేసే హాస్యాలన్నీ నేను విన్నాను. ఆ పొడి ఒకనాడు చీటీ మీద నా పేరుతో నా ఇంటికే వస్తుందని అప్పుడు తోచలేదు.

వచ్చింది. నా యాభైరెండవ ఏట. అప్పటికి పదకొండేళ్ళుగా మధుమేహం నాతో కాపురం చేస్తున్నది. అది రక్తనాళాలను, నరాలను, రెండింటినీ కొరుక్కుతింటుంది కనుక ఈ లోపం దాని వెంట రావడం శాస్త్రరీత్యా వింత కాదు. కాని శాస్త్రం పడకగదిలో తోడు రాదు. మా ఇంట్లో ఆరునెలల పాటు ఆ విషయం మీద ఒక్క మాట లేదు. నేను నిద్ర నటించేవాణ్ణి, ఆమె నా నటనను నమ్మినట్టు నటించేది. తన మీద నాకు మనసు విరిగిందేమోనని ఆమె అనుకున్నదని చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ ఆరునెలల మౌనం ముందు వైద్యుడి గదిలో పడిన సిగ్గు ఎంత!

ఆయన గుండె సంగతి అడిగారు, రక్తపుపోటు చూశారు, ప్రోస్టేటుకు ఏమైనా వాడుతున్నానా అని అడిగి మాత్ర రాశారు. మద్యం సంగతి నేనే అడిగాను. "తగ్గించండి" అన్నారు. ఎంతకు తగ్గించాలండీ అన్నాను. నవ్వి, తరువాతివారిని పిలిచారు. మందులకొట్టులో ఆ మాత్రల అట్టను పాత వార్తాపత్రికలో చుట్టి నల్లని సంచిలో వేసి ఇచ్చారు. సరిగ్గా అదే పత్రికలో, అదే నల్లసంచిలో, వీధి చివరి దుకాణంలో రెండవ రకం మందు ఇస్తారు. రెండింటికీ తెలుగువాడు ఇచ్చే మర్యాద ఒకటే!

'తగ్గించండి' అనే మాటకు అంకె ఏమిటో తెలుసుకోవాలన్న పట్టుదల నాకు వృత్తిరీత్యా వచ్చినది. ఆ తరువాతి పదిహేను రోజులు మాత్రలతో పాటు ప్రచురించే సమాచారపత్రాలు చదివాను.

ముందు ఈ మాత్ర చేసే పని చెబుతాను. మనసులో కోరిక కలిగినప్పుడు నరాల చివర, రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడు అనే చిన్న వాయువు పుడుతుంది. దాని ప్రేరణతో కండరకణాలలో జీఎంపీ అనే మరొక పదార్థం పెరిగి, నాళాలు సడలి, రక్తం వచ్చి నిండుతుంది. పని అయిపోయాక ఆ జీఎంపీని తుడిచివేయడానికి ఒక ఎంజైము కాచుకొని ఉంటుంది. సిల్డెనాఫిల్, టడలాఫిల్ వంటివి ఆ తుడిచేవాడి చేతులు కట్టేస్తాయి, అంతే. కోరికను అవి పుట్టించవు. అత్తగారు చెప్పే నాలుగవ రకం మందు ఇది కాదన్నమాట. మాత్ర మింగి టీవీలో వార్తలు చూస్తూ కూర్చుంటే ఏమీ జరగదు.

అయితే రక్తనాళాలు ఆ ఒక్కచోటనే లేవు గదా. ఒళ్ళంతా కొద్దికొద్దిగా సడలుతాయి. ముఖం ఎర్రబడడం, తలనొప్పి, ముక్కు దిబ్బడ అందువల్లనే. రక్తపుపోటు కొంచెం దిగుతుంది. మద్యం కూడా నాళాలను సడలించేదే. రెండు చేతులూ కలిసి ఒకే తాడును వదులు చేస్తే, కూర్చున్నంతసేపూ ఏమీ తెలియదు. లేచి నిలబడినప్పుడు నెత్తురు కాళ్ళలోకి జారి, తలకు అందక, కళ్ళు చీకట్లు కమ్ముతాయి. స్నానాలగది గచ్చు మీద పడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం అక్కడ ఉన్నది. గుండె వేగం కూడా పెరుగుతుంది.

ఎంత తాగితే అన్నదానికి పత్రాలలో జవాబు ఉన్నది గాని అది మన కొలతలో లేదు. రక్తంలో మద్యం 0.08 శాతం ఉన్న ఆరోగ్యవంతులకు 50 మి.గ్రా. సిల్డెనాఫిల్ ఇచ్చి చూస్తే, మద్యం వల్ల దిగే రక్తపుపోటు అంతకు మించి దిగలేదట. (మన దేశంలో వాహనం నడిపేవారికి ఉన్న హద్దు 0.03 శాతమే. అంటే ఆ ఆరోగ్యవంతులు మన పోలీసు గొట్టంలో ఊదితే బండి వదులుకోవలసిందే.) టడలాఫిల్ పరీక్షలలో మాత్రం, శరీరపు బరువులో కిలోకు 0.7 గ్రాముల చొప్పున మద్యం పది నిమిషాలలో తాగించి చూస్తే, మద్యం ఒక్కటే పుచ్చుకున్నప్పటి కంటే ఎక్కువమందికి రక్తపుపోటు గట్టిగా దిగింది, కొందరికి నిలబడితే తల తిరిగింది. కిలోకు 0.6 గ్రాముల దగ్గర ఆ తేడా కనబడలేదు. ఎనభై కిలోల మనిషికి 0.7 అంటే సుమారు ఆరు ఔన్సుల వోడ్కా అని పత్రమే చెబుతుంది.

ఆరు ఔన్సులు ఎన్ని మిల్లీలీటర్లో లెక్క వేసి చూసిననాడు నాకు నవ్వు ఆగలేదు. 177. మన క్వార్టరు సీసా 180! అమెరికా వారు ఇంత శ్రమపడి కనిపెట్టిన ప్రమాదరేఖ మన వైన్‌షాపు కౌంటరు మీద పేర్చి ఉన్నది.

ఇందులో మరి రెండు మెలికలు ఉన్నాయి. మన విస్కీ, బ్రాందీలలో మద్యసారం 42.8 శాతం, ఆ వోడ్కాలో 40. మన మనిషి ఎనభై కిలోలు ఉండడు. అరవై అయిదు కిలోల వాడికి ఆ రేఖ 45 గ్రాముల దగ్గర వస్తుంది. ఒక లార్జిలో, అంటే 60 మి.లీ.లో, సుమారు 20 గ్రాములు. అంటే రెండు లార్జిలు పూర్తయి మూడవదానిలో పావువంతు దిగేసరికి గీత దాటినట్టు. 'నేను బీరే కదండీ' అనేవారికి కూడా ఒక లెక్క: 650 మి.లీ. స్ట్రాంగు బీరులో 7 శాతం ఉంటే 36 గ్రాములు. ఒకటిన్నర సీసా చాలు. ఈ లెక్కలన్నీ ఆరోగ్యవంతులను దృష్టిలో పెట్టుకొని చేసినవి. మాత్ర అవసరమైన మనిషి సగం సందర్భాలలో ఆరోగ్యవంతుడే కాదు. వాడికి చక్కెర ఉంటుంది, పోటు ఉంటుంది, వాటికి వేరే మాత్రలుంటాయి. ప్రోస్టేటుకు వాడే టామ్సులోసిన్ జాతి మందులు కూడా రక్తపుపోటును దించేవే.

అసలు మద్యం ఎక్కువైతే ఏ ప్రయోజనం కోసం మాత్ర మింగారో దానికే గండి. కోరికను రేపి సత్తువను దించే దాని గుణం లోకవిదితం. షేక్‌స్పియరు మాక్బెత్ నాటకంలో ద్వారపాలకుడి చేత ఆ సంగతే చెప్పించాడు. ఇక మాత్ర పనిచేయలేదని నిందించడం ఎందుకు? మన విందుల్లో మరొక అడ్డంకి ఉన్నది. నేతితో వండిన బిర్యానీ దిట్టంగా తిన్న తరువాత సిల్డెనాఫిల్ మింగితే అది రక్తంలో తగినంత చేరడానికి మరో గంట ఆలస్యమవుతుంది, చేరేదీ తక్కువే. అరగంట చూసి, పనిచేయలేదని రెండవది మింగేవాడున్నాడే, వాడి సంగతే నాకు భయం. టడలాఫిల్‌కు భోజనంతో పేచీ లేదు. కాని అది దాదాపు ఒకటిన్నర రోజు ఒంట్లో పనిచేస్తూ ఉంటుంది. నిన్న రాత్రి మింగి ఈ రాత్రి తాగినా కలిపి తాగినట్టే.

ఇప్పుడు సముద్రం దగ్గరకు వస్తాను. నిరుడు డిసెంబరులో మా డిగ్రీ సహాధ్యాయులం ముప్పైమూడేళ్ళ తరువాత కుటుంబాలతో సహా భీమిలిలో కలుసుకున్నాము. సాయంత్రం ఆడవాళ్ళంతా వరండాలో, మగవాళ్ళమంతా ఇసుకలో. రెండవ రకం మందు ధారాళంగా ప్రవహిస్తున్నది. మిత్రుడొకడు నా మోచేయి పట్టుకొని సరుగుడు చెట్ల వైపు తీసుకుపోయాడు.

"ఒరేయ్, నువ్వు మందుల కంపెనీవాడివి. మందు మీద మందు వేసుకోవచ్చంటావా?"

బీరు మీద విస్కీ సంగతి కాబోలు అనుకున్నాను. "వద్దురా, పొద్దున తల పగిలిపోతుంది" అన్నాను.

"అది కాదెహె" అని గుప్పిట విప్పాడు. పసుపుపచ్చని మాత్ర. టడలాఫిల్, 20 మి.గ్రా. ఆఫీసులో ఎవరో ఇచ్చారట. "ఇప్పటికి రెండయ్యాయి. ఇంకోటి వేసి ఆపేస్తాను. ఫరవాలేదా?"

వాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు సిద్ధంగా ఉన్నది, క్వార్టరు లెక్కతో సహా. కాని మా విభాగంలో ఒక అలవాటు ఉన్నది. నమూనాలో ఏమున్నదో తేల్చేముందు ఇంకేమి కలిసి ఉండవచ్చునో అడుగుతాము. "ఇంకేమేమి వాడుతున్నావు?" అన్నాను. బీపీ మాత్ర, కొలెస్టరాలుది, రెండేళ్ళ కిందట స్టెంటు వేసినప్పటి నుంచి రక్తం పలచబడడానికి ఒకటి. "మరి నొప్పి వస్తే?" అన్నాను. చొక్కా పైజేబు తట్టి చూపించాడు. సార్బిట్రేట్ అట్ట. నాలుక కింద పెట్టుకునేది.

గుప్పిట్లో అది, గుండె మీద ఇది. ఈ రెండింటి మధ్య మద్యం చాలా చిన్న ముచ్చట.

నాలుక కింది మాత్రలు నైట్రేట్లు. అవి ఒంట్లో నైట్రిక్ ఆక్సైడును ధారగా పోస్తాయి. అంటే కుళాయి తిప్పుతాయి. టడలాఫిల్ తూముకు బిరడా వేస్తుంది. రెండూ కలిస్తే నాళాలన్నీ ఒక్కసారి సడలి రక్తపుపోటు పాతాళానికి పడిపోతుంది. అప్పటికే ఇరుకైన గుండె నాళాలకు నెత్తురు అందదు. ఇందులో కొంచెం, పరవాలేదు అన్న మాటలకు చోటు లేదు. సిల్డెనాఫిల్ మింగాక కనీసం 24 గంటలు, టడలాఫిల్ మింగాక కనీసం 48 గంటలు నైట్రేటు ఒంట్లోకి పోకూడదు. నైట్రేటు అవసరమున్న మనిషి అసలు ఆ మాత్రల జోలికే పోకూడదు.

"రోజూ వాడేది కాదురా, నొప్పి వస్తేనే" అన్నాడు వాడు. భయమంతా అక్కడే అన్నాను. మాత్ర మింగుతావు, మూడవ పెగ్గు తాగుతావు, గదికి పోతావు, ఆయాసపడతావు. నొప్పి వచ్చేది ఎప్పుడు? అప్పుడే. చెయ్యి ఎక్కడికి పోతుంది? అలవాటుగా పైజేబులోకి.

వాడికి కోపం వచ్చింది. "నీకు పనికొచ్చింది నాకు పనికిరాదా?" అన్నాడు. నేను వాడుతున్నట్టు వాడికెప్పుడో నేనే చెప్పాను. ఆ ప్రశ్నలో ఉన్నది కోపం కాదని నాకు తెలుసు. గుండెకు కోత పడ్డ తరువాత మగవాడు తన ఒంటిని తానే అనుమానిస్తూ బతుకుతాడు. మూసిన తలుపు మీద మరొకరు తాళం వేస్తే ఎలా ఉంటుంది? గుప్పిట మూసి విసవిసా ఇసుకలోకి వెళ్ళిపోయాడు. నేను ఆ రాత్రి పదకొండింటి దాకా సముద్రం చూడలేదు, వాడి గ్లాసునే చూస్తూ కూర్చున్నాను. మరునాడు ఉదయం ఫలహారాల దగ్గర నా ఇడ్లీ పళ్ళెం పక్కన ఆ పచ్చమాత్రను పెట్టి, మాట్లాడకుండా చట్నీ కోసం వెళ్ళిపోయాడు.

ఈ కథలో మూడవ రకం మందు కూడా ఉన్నదని హైదరాబాదు తిరిగివచ్చే దారిలో తట్టింది. గుండెనొప్పికి వాడిన తొలి నైట్రేటు నైట్రోగ్లిసరిను. డైనమైటులో పేలేది అదే. ఆల్ఫ్రెడ్ నోబెల్ దానితో కోట్లు గడించాడు. 1896లో ఆయన గుండెజబ్బుకు వైద్యులు అదే రాశారు. జనం జడుసుకోకుండా దానికి వేరే పేరు పెట్టారని ఆయనే ఒక ఉత్తరంలో హాస్యమాడాడు. అది లోపల విడుదల చేసేది నైట్రిక్ ఆక్సైడేనని ఫెరిడ్ మురాడ్ 1977లో కనిపెట్టాడు. ఆయనకూ, ఫర్చ్‌గాట్, ఇగ్నారోలకూ కలిపి 1998లో నోబెల్ బహుమానం ఇచ్చారు. వయాగ్రాకు అనుమతి దొరికినదీ ఆ యేడే. ఆ వయాగ్రా కూడా మొదట ఇంగ్లండులోని శాండ్‌విచ్ ఊళ్ళో గుండెనొప్పి కోసం తయారైన మందే. గుండె కోసం పుట్టిన రెండు మందులు ఒక గుండెలో ఇమడవు.

2023లో పత్రికలలో వచ్చిన ఒక వార్త చాలామందికి జ్ఞాపకం ఉండవచ్చు. నలభైయొక్క ఏళ్ళ వ్యక్తి మద్యంతో పాటు 50 మి.గ్రా. సిల్డెనాఫిల్ మాత్రలు రెండు మింగి, మెదడులో రక్తస్రావంతో మరణించాడు. మన దేశపు వైద్యులే ఆ ఉదంతాన్ని వైద్యపత్రికలో ప్రకటించారు. ఒక్క ఉదంతం చూసి మాత్రను హంతకి అనడం న్యాయం కాదు. ఆయనకు అంతకుముందు రక్తపుపోటు ఉన్నదని కూడా అందులోనే ఉన్నది. మరునాడు పొద్దున వాంతులవుతుంటే, స్నేహితురాలు ఆసుపత్రికి వెళదామంటే, ఇదివరకూ ఇలాగే అయింది, తగ్గిపోతుందని ఊరుకున్నాడట. నాకు ఆ ఊరుకోవడమే ఎక్కువ బాధ కలిగించింది.

నా పద్ధతి అడిగినవారికి ఇదీ. మాత్ర వేసుకునే రోజున ఒక లార్జి, అదీ గంటసేపు, తిండితో. ఎక్కువ తాగే రోజున మాత్ర లేదు. రెండూ ఒకే రాత్రి కావాలనే వయసు దాటిపోయింది. కొత్త మాత్ర మొదటిసారి వేసుకున్ననాడు మద్యం అసలే లేదు. ఎంతసేపైనా రెండవ మాత్ర లేదు. మంచం దిగేముందు ఒక నిమిషం కూర్చోవడం. ఆఫీసు మిత్రుల గుప్పిట్లో నుంచి, అంతర్జాలంలో మూలికల పేరిట అమ్మే పొట్లాల నుంచి ఏమీ పుచ్చుకోకపోవడం. ఆ మూలికలలో కొన్నింట చీటీ మీద చెప్పకుండా ఇదే సిల్డెనాఫిల్ కలుపుతారని మా వృత్తివారికి తెలిసిన విషయమే. ఛాతీలో నొప్పి వస్తే, ఏ మాత్ర ఎన్ని గంటలకు మింగానో సిగ్గుపడకుండా వైద్యుడికి మొదటి మాటగా చెప్పడం. ఇవి నా ఒంటికి, నా వైద్యుడు ఒప్పుకున్నవి. మీ జేబుల్లో ఏమున్నాయో నాకు తెలియదు.

మిత్రుడు జనవరిలో గుండె వైద్యుణ్ణి కలిశాడు. ట్రెడ్‌మిల్లు మీద నడిపించి చూస్తామన్నారు. నాలుక కింది మాత్ర అవసరం ఇకమీదట లేదని తేలితే రెండవ సంగతి అప్పుడు ఆలోచిద్దామన్నారట. ఇంకా తేలలేదు.

ఈ ఆదివారం వాడి భార్య ఫోను చేసింది.

"అన్నయ్యగారూ, భీమిలిలో మీరాయనకు ఏమి చెప్పారో నాకు తెలుసు. ఆయన చెప్పలేదు లెండి. చొక్కాలు ఉతికేముందు జేబులు చూసేది నేను కదా."

నేను మాట వెతుక్కుంటున్నాను.

"మీరు వద్దన్నారు, డాక్టరుగారూ ఆగమన్నారు. వద్దంటే మానే మనిషైతే నాకీ బాధ ఎందుకు? ఏ అర్ధరాత్రో ఛాతీ పట్టుకుంటే 108 వాళ్ళకు నేనేమని చెప్పాలి? అది చెప్పండి, రాసుకుంటాను."

చెప్పాను. మాత్ర పేరు, మింగిన వేళ, నలభైయెనిమిది గంటలు, నాలుక కింద ఏమీ పెట్టవద్దని. క్యాలెండరు వెనుక రాసుకుంటున్నట్టున్నది, కాగితం చప్పుడు వినిపిస్తున్నది.

"టడలా... ఫిల్. పొట్టలో చుక్క పెట్టాలా, కింద వత్తు పెట్టాలా అన్నయ్యగారూ?"

"ఎలా రాసినా ఫరవాలేదమ్మా, వాళ్ళకు చదవడానికి వస్తే చాలు" అన్నాను.